నీళ్ల బరువు

మా డయాలసిస్ యూనిట్ తలుపు తీయగానే ఎడమ పక్కన బరువు తూచే మిషన్ ఉంటుంది. మూసాపేటలో మెట్రో స్తంభాలకు ఎదురుగా, ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో మా సెంటర్. వారానికి మూడు రోజులు వచ్చే రోగులు వచ్చినవాళ్లు వచ్చినట్టు ముందు దాని మీద నిలబడాలి. కిడ్నీలు పనిచేయని మనిషికి తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. అందుకని ప్రతి ఒక్కరి ఫైలు మీదా డాక్టరు ఒక అంకె రాసి ఉంచుతారు. దాన్ని డ్రై వెయిట్ అంటాం. అదనపు నీరంతా తీసేశాక మిగిలే అసలు మనిషి బరువు అది. ఈ పూట మిషన్ చూపించిన దాంట్లోంచి ఆ అంకె తీసేస్తే, ఎన్ని నీళ్లు లాగాలో తెలుస్తుంది. ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం ప్రతి ఉదయం ఈ తీసివేతతోనే మొదలవుతోంది.

సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి షిఫ్టుకు ఒక పెద్దాయన వస్తాడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. నేను తాతా అంటాను, ఆయన బిడ్డా అంటాడు. రోజుకు లీటరు కూడా తాగకూడదని చెప్పి ఉన్నా, ఆయన వచ్చిన రోజు మిషన్ దగ్గర మా ఇద్దరికీ బేరం తప్పేది కాదు.

"మూడు కిలోల రెండొందలు ఎక్కువున్నవ్ తాతా."

"అండ్లకెళ్లి చెప్పులు తీసెయ్."

"చెప్పులు బయటనే విడిచినవ్."

"గట్లనా. అయితే ఫోను తీసెయ్. ఇటుక లెక్కుంటది ఈ ఫోను."

"రెండొందలు తీసేసిన. మూడు కిలోలు మిగిలింది."

"పొద్దుగాల నాలుగు ఇడ్లీలు తిన్న. మీ లెక్కల ఇడ్లీలు గూడ నీళ్లేనా?"

చివరికి ఓడిపోయి మంచం వైపు నడుస్తూ, "నువ్వెక్కు ఒకసారి, నీది నేను చదువుత," అనేవాడు. పక్క మంచాలవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. రోజుకు ఇరవై మందిని నిలబెట్టే ఆ మిషన్ మీద నేను మాత్రం ఎవరి ఎదుటా ఎక్కలేదు.

పాప పుట్టాక బాగా ఒళ్లు చేశాను. మా అత్తయ్య భీమవరం వైపు మనిషి, నాది శంకర్‌పల్లి దగ్గర. కాన్పయిన కొత్తలో ఆవిడ పద్ధతి ప్రకారం నాకు నీళ్లు గుక్కెడు, నెయ్యి గరిటెడు. బాలింత నీళ్లు తాగితే పొట్ట దిగదని ఆవిడ నమ్మకం. నేను నర్సుని, అలా కాదని తెలుసు. చెప్పడానికి ఓపిక లేదు. నా తరఫున మాట్లాడాల్సిన మా అమ్మ అప్పటికే లేదు. ఆవిడ పెట్టిందంతా తిన్నాను. పాలు మానిపించాక కూడా ఆకలి మాత్రం అలాగే ఉండిపోయింది. డ్యూటీ నుంచి వచ్చి నిలబడే రెండు పూటల అన్నం తినేదాన్ని.

ఈ ఒంటితో నేను మిలటరీ నర్సింగుకు అప్లికేషన్ పెట్టాను.

దానికి ఒక కారణం ఉంది. బి.ఎస్సీ. నర్సింగ్ చివరి ఏడాదిలో మమ్మల్ని ఒకరోజు కంటోన్మెంటులోని మిలటరీ ఆసుపత్రి చూపించడానికి తీసుకెళ్లారు. అమ్మాయిలందరం వార్డు గోడ పక్కన నిలబడి ఉండగా ఒక నర్సింగ్ ఆఫీసరు లోపలికి వచ్చింది. భుజాల మీద నక్షత్రాలు. ఆమె రాగానే లేవగలిగిన రోగులు మంచాల పక్కన నిటారుగా నిలబడ్డారు. లేవలేనివాళ్లు పడుకునే చేతులు పక్కలకు చేర్చి, మడమలు కలిపి, కదలకుండా అయిపోయారు. తొడ దాకా పిండికట్టు ఉన్న సైనికుడు కూడా రెండో కాలిని తెచ్చి కట్టు పక్కన ఆనించాడు. ఆమె తల ఊపి, ఒకతని సెలైన్ వేగం సరిచేసి, వెళ్లిపోయింది. పట్టుమని రెండు నిమిషాలు లేదు.

మా యూనిట్‌లో రోగుల బంధువులు చిటికె వేసి పిలుస్తారు. "సిస్టర్, ఏసీ తగ్గించు." "సిస్టర్, టీవీ రిమోట్ ఏది?" చిటికె వినపడినప్పుడల్లా నాకు ఆ పిండికట్టు కాలు గుర్తొచ్చేది. దేశం కోసం అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నేను ఒక గదిలోకి వస్తే వచ్చానని ఎవరికైనా తెలియాలి అన్నదే నా కోరిక. నోటిఫికేషన్‌లో పెళ్లయినవాళ్లు కూడా రాయొచ్చని ఉంది. ముప్పై అయిదు దాకా వయసు ఉంది. నాకు అప్పుడు ముప్పై ఒకటి, పాపకు ఏడాదిన్నర.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేం ఉండేది గోపన్‌పల్లిలో, కిరాయి ఫ్లాటు. మా ఆయన రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరులో ఏసీ ప్లాంటు చూసుకుంటాడు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. నాది పొద్దున ఆరు నుంచి రెండు దాకా. ఇద్దరికీ ఒకటే స్కూటీ. పొద్దున నేను సెంటర్ వాళ్ల వ్యాన్‌లో వెళ్తాను. మధ్యాహ్నం ఆయన స్కూటీ మీద రాయదుర్గం వస్తాడు, రాత్రి ఆఫీసు బండిలో ఇంటికి చేరతాడు. నేను అమీర్‌పేటలో రైలు మారి అక్కడ దిగుతాను. మెట్రో మెట్ల కింద తాళం ఆయన చేతిలోంచి నా చేతిలోకి వస్తుంది. ఆ పది నిమిషాలే మా సంసారం. పాప ఏం తిన్నది, గ్యాస్ ఎప్పుడొస్తుంది, వాచ్‌మన్ ఏమన్నాడు, అన్నీ అక్కడే. మా చుట్టూ మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్నవాళ్లు చెవుల్లో ఏవో పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుకుంటూ పోతుంటారు. మూడు కాకముందే ఆయన టవరు వైపు పరిగెత్తేవాడు.

అప్లికేషన్ గురించి చెప్పినప్పుడు, "రాయి, రాస్తే ఏం పోయింది?" అన్నాడు. పరీక్ష పాసయినప్పుడు, "అబ్బో, లెఫ్టినెంటు గారూ," అని నవ్వాడు. ఆ పరీక్షకు నేను చదివింది అంతా మూసాపేటకూ రాయదుర్గానికీ మధ్య, రైలు తలుపు పక్కన నిలబడే. ఇంటర్వ్యూకి ఢిల్లీ వెళ్లి వచ్చి, మెడికల్‌కు పిలిచారని చెప్పినప్పుడు ఆయన జేబు తడుముకున్నాడు. తాళం నా చేతిలో పెట్టి, "పెట్రోలు తక్కువుంది, చూసుకో," అన్నాడు.

మెడికల్ పెట్టింది ఆ కంటోన్మెంటు ఆసుపత్రిలోనే. మిగతా అన్నీ బాగానే అయ్యాయి. కళ్లు, చెవులు, గుండె, రక్తం. చివరికి బరువు. నా ముందు సన్నటి అమ్మాయిలు నలుగురు ఎక్కి దిగారు. నేను ఎక్కాను. చూసే మనిషి అంకె పైకి చదివింది, రాసుకునే మనిషి రాసుకుంది. ఏడేళ్లు నేను చేసిన పని అదే. అటు వైపు నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చెప్పులు తీసెయ్, ఫోను తీసెయ్ అనబోయాను, నోటిదాకా వచ్చింది.

నా ఎత్తుకు ఉండాల్సిన దానికన్నా ఏడు కిలోలు ఎక్కువ. పరీక్షించిన డాక్టరమ్మ కాగితం మీంచి తల ఎత్తి హిందీలో అడిగింది, పిల్లలున్నారా అని. ఒక పాప అన్నాను. తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాస్తున్నాను, ఆరు వారాల తర్వాత మళ్లీ రా, బరువు దించుకుని రా అంది. కోపంగా ఏమీ అనలేదు.

మర్నాడు రాయదుర్గం మెట్ల కింద ఆయనకు చెప్పాను.

"ఏడు కిలోలా?" అన్నాడు. "పోనీలే. ముందు బరువు తగ్గు, తర్వాత చూద్దాం."

అని, పక్క బండి దగ్గరికి వెళ్లి మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చాడు. పెళ్లయిన కొత్తలో తెచ్చేవాడు అలా. "తిను, ఇవాళ్టికి తిను. రేపట్నుంచి మానేద్దువు గాని," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం తేలిగ్గా ఉంది. మూడు దాటినా తొందరపడలేదు. నేను రెండు బజ్జీలు తిన్నాను. రెండోది తింటుండగా అర్థమైంది. ఆయన ఒప్పుకుంటూ వచ్చిందంతా నా బరువుని నమ్ముకుని. ఇది ఎలాగూ జరగదన్న ధైర్యంతో నాకు అడ్డం చెప్పలేదు. చెడ్డ మనిషి కాదు. భార్య కల మీద నీళ్లు పోశాడన్న పేరు రాకుండా, ఆ పని నా ఒంటికి వదిలిపెట్టాడు. నేను స్కూటీ తీసుకుని వచ్చేశాను. మిగిలిన బజ్జీలు ముందు బుట్టలో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాను.

అత్తయ్య మాత్రం వేరేలా తీసుకుంది.

"ఎంత తగ్గాలంట?"

"ఏడు కిలోలండి."

"తగ్గితే?"

"ఎక్కడ పోస్టింగ్ ఇస్తే అక్కడికి వెళ్లాలి అత్తయ్యా. మొదట్లో నేనొక్కదాన్నే. తర్వాత క్వార్టర్ ఇస్తే మీరందరూ రావచ్చు."

ఆవిడ పాప జడ అల్లుతోంది. అల్లడం ఆపకుండా అంది, "పిల్ల నన్ను అమ్మా అంటే నువ్వు ఏడవకూడదు మరి. ముందే చెప్తున్నాను."

ఆ ఇంట్లో నేను వెళ్తానని నిజంగా నమ్మింది ఆవిడొక్కతే. మర్నాటి నుంచి అన్నం గిన్నె చిన్నదైంది. కిందికి వెళ్లి వాచ్‌మన్ భార్య దగ్గర జొన్నరొట్టె చెయ్యడం నేర్చుకొచ్చింది. గోదావరి జిల్లా మనిషి, పుట్టి రొట్టె తట్టి ఎరగదు. మొదటి వారం రొట్టెలు పగిలి మూడు ముక్కలుగా పెనం మీంచి వచ్చేవి. "మీవాళ్లు ఇది ఎలా తింటారే అమ్మాయ్, గొంతు దిగదు," అని గొణుక్కుంటూనే రోజూ చేసింది. నేను వెళ్లడం ఆవిడకు ఇష్టమో కాదో ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పేది కాదు, నేనూ అడగలేదు.

ఒక చిన్న బరువు మిషన్ కొని మంచం కింద పెట్టుకున్నాను. అది వచ్చిన రోజు అత్తయ్య దాని మీద గుమ్మడికాయ పెట్టి చూసింది. కూరగాయలవాడు మోసం చేశాడని తేల్చుకుని మిషన్ మంచిదేనని ఒప్పుకుంది. నేను దాని మీద నిలబడితే పాప పరిగెత్తుకొచ్చి నా మోకాళ్లను పట్టుకుని వేలాడేది. అంకె ఒక్కసారిగా పైకి పోయేది. పాప బరువు పన్నెండు కిలోలు. నేను దించాల్సింది అందులో సగం పైనే.

మధ్యాహ్నం ఇంటికి రాగానే పాపను కాసేపు ఆడించి, ఎండ తగ్గాక మా కొత్త లేఅవుటు రోడ్ల మీద నడిచేదాన్ని. ఇళ్లు లేవు, రోడ్లే ఉన్నాయి. కట్టుబడి జరుగుతున్న అపార్టుమెంట్ల మధ్య ఎర్రమట్టి లారీలు తిరిగేవి. వారం తర్వాత పరిగెత్తడం మొదలుపెట్టాను. నాకు పరుగుకు వేరే బూట్లు లేవు, డ్యూటీ తెల్లబూట్లతోనే. వాటి మీద మట్టి పడితే పొద్దున డ్యూటీకి ముందు తుడుచుకోవాలి. అప్పుడప్పుడు ఎదురుగా గుంపుగా పరిగెత్తేవాళ్లు వచ్చేవారు, ఒకటే రంగు బనియన్లు, చేతికి గడియారాలు. నన్ను దాటాక వాళ్ల మాటలు మళ్లీ మొదలయ్యేవి. పలకరించాలని ఉండేది. ఏ తెలుగులో పలకరించాలో ముందు నిర్ణయించుకోవాలి. ఇంట్లో నాది ఒక తెలుగు, సెంటర్‌లో ఇంకోటి. వాళ్లు ఎలాగూ ఇంగ్లిషులో మాట్లాడుకునేవారు. తల వంచుకుని పరిగెత్తేదాన్ని.

నాలుగు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. అయిదో వారంలో ఇంకోటి. అక్కడ ఆగిపోయింది. ఎంత పరిగెత్తినా అంకె కదలలేదు. ఆరో వారం మొదలైంది. రెండు కిలోలు మిగిలి ఉన్నాయి.

అప్పుడు నేను డయాలసిస్ నర్సులాగా ఆలోచించాను. వేరే ఎవరైనా అయితే ఇంకాస్త తిండి మానేవారు, లేదా పోనీలే అనుకునేవారు. నా ఏడేళ్ల అలవాటు నాకు వేరే లెక్క చెప్పింది. రెండు కిలోలంటే రెండు లీటర్లు. మనిషి ఒంట్లోంచి రెండు లీటర్లు తీయడం మా యూనిట్‌లో ఒక పూట పని. నాకు మిషన్ అక్కర్లేదు, కిడ్నీలు పనిచేస్తున్నాయి. లోపలికి పోనివ్వకపోతే చాలు. ఉప్పు మానేశాను. మూడు రోజుల ముందు నుంచి నీళ్లు దాదాపు మానేశాను. పొద్దున ఒక కప్పు, రాత్రి ఒక కప్పు. ఎవరైనా రోగి ఇలా చేశానని చెబితే అరిచి ఉండేదాన్ని. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు, నిజంగానే రాలేదు. లెక్క సరిపోతోంది కదా అన్న సంతోషంలో ఉన్నాను.

బుధవారం పెద్దాయన మిషన్ ఎక్కకుండా నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

"నీళ్లు ఎన్ని దినాల సంది తాగుతలేవు?"

"తాగుతున్న తాతా."

"నాకు జెప్తవా? నీళ్లు మానినోని మొఖం నాకు తెల్వదా? పెదవులు జూడు. ఇందాకటి సంది ఆ నర్సు పిల్ల చేతుల సీసానే చూస్తున్నవ్."

చెప్పేశాను. మిలటరీ, మెడికల్, రెండు కిలోలు, శుక్రవారం పొద్దున. ఆయన నవ్వలేదు. జేబులోంచి రెండు ఏలకులు తీసి ఇచ్చాడు. దూప మీద ఉన్నప్పుడు తను వాటినే నములుతాడట, నోట్లో కొంచెం తడి ఊరుతుందని. "మంచు ముక్క గూడ మంచిదే, గని అది నీళ్లల్ల లెక్కకొస్తది," అన్నాడు. తర్వాత మెల్లగా మిషన్ ఎక్కి, "నన్ను తిట్టి తిట్టి నువ్వే నా పార్టీల కలిసినవ్," అన్నాడు. ఆ రోజు ఆయన మూడున్నర ఎక్కువున్నాడు. నేను బేరం ఆడలేదు, రాసుకున్నాను.

శుక్రవారం పొద్దున ఇంట్లో చూసుకుంటే, ఉండాల్సిన దానికన్నా నాలుగు వందల గ్రాములు తక్కువే ఉన్నాను. మా ఆయన అప్పటికే లేచి కూర్చున్నాడు. అంకె చూశాడు. మొహం కడుక్కుని వచ్చి మళ్లీ చూశాడు, నేను దిగాక ఖాళీ మిషన్ వైపు. "స్కూటీ తీసుకెళ్లు, నేను బస్సులో పోతాను," అన్నాడు. పాప నిద్రలో ఉంది. ముద్దు పెట్టుకోలేదు. లేస్తే నా ధైర్యం పోతుందనుకున్నాను.

అక్కడ ముందు బరువు చూస్తారనుకున్నాను. ఒక ఆయా చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, యూరిన్ శాంపిల్ ఇచ్చి రమ్మంది. ఏ ఆసుపత్రిలోనైనా మొదట అడిగేది అదే. నర్సునై ఉండి అది తట్టలేదు. మూడు రోజులు నీళ్లు మానిన మనిషిని ఆ డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లి, ఖాళీ డబ్బాతో బయటికి వచ్చాను. గంట తర్వాత మళ్లీ వెళ్లాను. డబ్బా అడుగున కొంచెం వచ్చింది, కాచిన టీ డికాషన్ రంగులో.

డాక్టరమ్మ వేరే మనిషి, ఈసారి తెలుగావిడ. డబ్బా చూసింది, నన్ను చూసింది. దగ్గరికి పిలిచి నా చేతి వెనక చర్మం వేళ్లతో లాగి వదిలింది. అది వెంటనే వెనక్కి పోలేదు. అది ఎందుకు చేస్తారో నాకు తెలుసు.

"ఎక్కడ పనిచేస్తున్నావమ్మా?"

"డయాలసిస్ యూనిట్‌లో మేడమ్."

"అయితే తెలిసే చేశావు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇది పరీక్షకు పనికి రాదు. ఒక గ్లాసు నీళ్లు తాగు. కాసేపు కూర్చుని శాంపిల్ ఇవ్వు. తర్వాతే బరువు చూస్తాను." కాగితం వైపు తిరిగి, "ఒక గ్లాసు చాలు," అంది.

ఆవిడ నా లెక్క కనిపెట్టిందేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. ఒక గ్లాసు అంటే రెండు వందల గ్రాములు. నాకు నాలుగు వందలు ఉన్నాయి. ఒక గ్లాసు తాగినా నేను పాసే.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఆయా లీటరు సీసా, ఒక స్టీలు గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. గ్లాసు నింపుకుని తాగాను. మూడు రోజుల తర్వాత నీళ్లు గొంతులోంచి దిగుతుంటే చెవులు కూడా తెరుచుకున్నట్టు అనిపించింది. గ్లాసు పక్కన పెట్టాను. ఎదురుగా చెట్టు కింద కవాతుకు వెళ్లి వచ్చినవాళ్లు ఎవరో బూట్లు తుడుచుకుంటున్నారు. రెండో గ్లాసు తాగాను. అప్పటికి లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. అది నాకు తెలుసు, గ్రాముతో సహా తెలుసు. సీసా ఎత్తి మిగిలింది మొత్తం తాగేశాను. తర్వాత ఆయాను పిలిచి ఇంకో సీసా అడిగాను. అందులో కూడా సగం తాగాను.

శాంపిల్ ఇచ్చాను. మిషన్ ఎక్కాను. తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ. డాక్టరమ్మ అంకె చూసి, బయట బెంచీ మీద రెండు సీసాలు ఉన్న వైపు చూసి, రాయాల్సింది రాసింది. వచ్చే నోటిఫికేషన్‌కు మళ్లీ ప్రయత్నించు, వయసుంది అంది. సరే మేడమ్ అన్నాను.

ఆ మధ్యాహ్నం రాయదుర్గంలో ఆగి మెట్ల కింద ఆయనకు తాళం ఇవ్వబోయాను. "ఉంచు, నువ్వే వెళ్లు. ఏమైంది?" అన్నాడు. కాలేదు అన్నాను. "అయ్యో," అన్నాడు. ఆ అయ్యోలో అబద్ధం లేదు. కాని చేతిలో టిఫిన్ బాక్సు పట్టుకున్న తీరు మారింది, అప్పటిదాకా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, ఇప్పుడు అది ఒక చేతికి వేలాడుతోంది. బజ్జీలు తెస్తానని అనలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇంట్లో అత్తయ్య నా మొహం చూసి అడగలేదు. కంచం పెట్టింది. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి. సగం తిన్నాక అడిగింది, "రేపట్నుంచి రొట్టె చెయ్యనా, అన్నం వండనా?"

ఇంకో ముద్ద కలుపుకున్నాను. "రొట్టె," అన్నాను.

సోమవారం పెద్దాయనకు కూడా చెప్పాను, ఒక గ్లాసు తాగమంటే రెండు సీసాల దాకా పోయానని. "దూప గట్లనే ఉంటది బిడ్డా. చెయ్యి మన మాట వినది. నాకు తెల్వదా," అన్నాడు. పాపం, ఆయన తన దాహంతోనే నా దాహాన్ని కొలిచాడు. నేను కాదనలేదు. ఆ రోజు ఆయన దిగాక నేనే మిషన్ ఎక్కాను. యూనిట్‌లో అందరూ చూస్తుండగా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి, అంకె గట్టిగా చదివాడు. "చెప్పులు తీసెయ్యమంటవా?" అన్నాడు. అక్కర్లేదన్నాను.

దాహమేనా అన్నది నేను ఎవరితోనూ అనలేదు. మొదటి గ్లాసు దాహం. రెండోది కూడా కావచ్చు. మూడోసారి సీసా ఎత్తినప్పుడు నాకు గుర్తున్నది దాహం కాదు. పొద్దున పాప పడుకున్న తీరు. బోర్లా పడుకుని, ఒక చెయ్యి నా దిండు మీద వేసి ఉంది. మా ఆయన నా బరువు మీద పెట్టుకున్న నమ్మకం గురించి మనసులో ఎన్ని మాటలు అనుకున్నానో. ఆ బెంచీ మీద నేను చేసింది కూడా అదే. వెళ్లలేనని నోటితో చెప్పకుండా, మిషన్ చేత చెప్పించాను. అది నిజమో, లేక నిజంగా దాహమే అయి, నేనే ఇప్పుడు పాపను అడ్డం పెట్టుకుంటున్నానో కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటిది ఎవరికి చెప్పాలి? ఈ ఫ్లాట్లలో ఇంతమంది ఉన్నారు. అందరి కిటికీల్లో వెలుగు కనిపిస్తుంది. పాప పడుకున్నాక వంటింటి గట్టు మీద కూర్చుని ఈ నోటుబుక్కుకు చెప్పుకుంటున్నాను.

అది జరిగి ఏడాది దాటింది. నడక మానలేదు. పరుగుకు బూట్లు కొనుక్కున్నాను. రొట్టెలు ఇప్పుడు గుండ్రంగా వస్తున్నాయి, పగలడం లేదు. నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగుతాను. అలా తాగుతూనే, ఉండాల్సిన దానికన్నా కిలోన్నర కిందే ఉన్నాను. మూడు నెలలుగా అంకె అక్కడే ఉంది.

మొన్న కొత్త నోటిఫికేషన్ పడింది. నిన్న మధ్యాహ్నం రాయదుర్గం మెట్ల కింద చెప్పాను. ఆయన తాళం వెంటనే ఇవ్వలేదు.

"బరువెంత ఉన్నావు?" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

చెప్పాను.

టవరు వైపు చూశాడు. టైము మూడుకు అయిదు నిమిషాలు. తాళం నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, కాసేపు అలాగే పట్టుకున్నాడు. "సరే. అమ్మతో నేను మాట్లాడతాను," అని, చెయ్యి వదిలేసి, "హెల్మెట్ పెట్టుకో," అన్నాడు.

ఇందాక ఫోనులో అప్లికేషన్ తెరిచాను. నిరుడు నింపినప్పుడు పట్టించుకోలేదు గాని, అందులో బరువు అడగరు. పేరు, చదువు, రిజిస్ట్రేషను, పెళ్లయిందా, పిల్లలెందరు. పక్క గదిలో పాప మంచం మీద అటు నుంచి ఇటు దొర్లిన చప్పుడైంది. లేచిందేమో అని ఆగి విన్నాను. లేవలేదు. పిల్లలెందరు అన్న దగ్గర ఒకటి అని నింపి, కింది గడికి వెళ్లాను.